మందుకు మందు ఏది?

తెలుగులో 'మందు' అన్న మాటకు ప్రధానార్థం ఔషధం. నిఘంటువులు తెరిస్తే ఇంకా కొన్ని అర్థాలు కనబడతాయి గాని, రోగాన్ని పోగొట్టేదే మందు అన్నది మన పెద్దల వాడుక. ఇప్పుడు ఆ మాట పరిస్థితి విచిత్రంగా తయారైంది. "మందులు వాడుతున్నాడు" అంటే రోగి అని అర్థం. "మందు వేస్తున్నాడు" అంటే తాగుబోతు అని అర్థం. బహువచనంలో ఆరోగ్యం, ఏకవచనంలో అనారోగ్యం! ఇక మెట్ట పల్లెల్లో ఎవరైనా పరుగున వచ్చి "ఫలానావాడు మందు తాగాడు" అంటే, అది పురుగుమందేమో అని గుండె గుభేలుమంటుంది. జీవితమంతా పిల్లలకు వ్యాకరణం చెప్పుకొని బతికినవాణ్ణి కనుక, ఈ ఏకవచన బహువచనాల భేదం నన్ను చాలాకాలంగా వేధిస్తున్నది.

మద్యనిషేధం మంచిదా, చెడ్డదా అన్న పాత వాదాన్ని మళ్లీ తలకెత్తుకోవడం ఈ టపా ఉద్దేశం కాదు. ఆ వాదంలో ఇరుపక్షాలూ చెప్పవలసినదంతా చెప్పే ఉన్నాయి. నేను అడగదలచుకున్న ప్రశ్న వేరు. తాగుడికి బానిసైన మనిషిని మన తెలుగునేలపై పాలకులు ఏ దృష్టితో చూశారు? చరిత్ర తిరగేస్తే దీనికి స్పష్టమైన సమాధానమే దొరుకుతుంది. అది అంత సంతోషకరమైనది కాదు.

ముందుగా మూడు ప్రాచీన గ్రంథాలను స్మరించుకోవాలి. మొదటిది మనుస్మృతి. అందులో సురాపానం మహాపాతకాలలో ఒకటి. అంటే తాగినవాడు పాపి. రెండవది కౌటిల్యుని అర్థశాస్త్రం. అందులో సురాధ్యక్షుడనే అధికారికి ప్రత్యేకంగా ఒక అధ్యాయమే ఉంది. మద్యం ఎక్కడ తయారుకావాలి, ఎక్కడ అమ్మాలి, తప్పితే జరిమానా ఎంత అన్నవి అందులోని విషయాలు. అంటే తాగేవాడు రాజుగారి ఖజానాకు ఒక ఆదాయమార్గం. మూడవది చరకసంహిత. దాని చికిత్సాస్థానంలో మదాత్యయానికి, అనగా మద్యం వల్ల కలిగే వ్యాధికి, ఒక పూర్తి అధ్యాయం కేటాయించారు. అందులో దోషభేదాన్ని బట్టి లక్షణాలూ చికిత్సలూ ఉన్నాయి. తాగుడు మానినవాడు మళ్లీ ఒక్కసారిగా అతిగా తాగితే కలిగే ధ్వంసకం, విక్షయం అనే రెండు అవస్థలకు పేర్లు కూడా ఉన్నాయి. అంటే చరకునికి తాగుబోతు ఒక రోగి.

పాపి, ఆదాయమార్గం, రోగి: ఈ మూడు దృష్టులూ మనకు వేల ఏళ్లుగా తెలిసినవే. గడచిన నూటనలభై ఏళ్ల చరిత్ర చూస్తే, మన పాలకులు మొదటి రెండు గ్రంథాలనే మార్చి మార్చి తెరిచారు. మూడవ దాని దుమ్ము దులిపినవారు అరుదు. నేను చెప్పదలచుకున్నది ఈ ఒక్క మాటే. తక్కినదంతా దానికి సాక్ష్యం.

కౌటిల్యుని పుస్తకంతోనే ప్రారంభిద్దాం. 'ఆబ్కారీ' అన్న మాట పారశీకం నుండి వచ్చింది. 'ఆబ్' అంటే నీరు, 'కార్' అంటే పని. నీటిపని అన్న ఆ అమాయకమైన మాట మద్యం తయారీకీ, దానిపై పన్నుకూ పేరైంది. మద్రాసు రాజధానిలో 1886లో ఆబ్కారీ చట్టం వచ్చింది. నిజాం రాజ్యంలో 1316 ఫసలీ చట్టం వచ్చింది. ఇంగ్లీషు, నిజాం ప్రభుత్వాలు రెండూ చేసిన పని సారాంశంలో ఒకటే. తాడిచెట్టుపై, ఈతచెట్టుపై చెట్టుపన్ను వేశారు. సారా, కల్లు అమ్మే హక్కును వేలం వేశారు. ఎక్కువ పాడినవాడిదే దుకాణం. తన పెరటి చెట్టును గీసుకోవడానికి సైతం గీతకార్మికుడు సర్కారు చీటీ కోసం నిలబడవలసి వచ్చింది.

ఇక్కడొక సంగతి గమనించాలి. చెట్టు నుండి దిగిన తీపి నీరా, గాలిలోని సూక్ష్మజీవుల వల్ల కొన్ని గంటలలోనే పులిసి కల్లు అవుతుంది. అది నిలవ ఉండదు, దూరం పోదు. బట్టీలో కాచి దించిన సారా అలా కాదు. దాని మత్తు ఎన్నో రెట్లు ఎక్కువ, నిలవ ఉంటుంది, బండెక్కి ఏ ఊరికైనా పోతుంది, లెక్కకూ పన్నుకూ అనువుగా ఉంటుంది. పన్ను దండుకొనేవాడికి కల్లు కంటే సారా ముద్దు. ప్రజలు ఏమి తాగాలన్నది వారి అలవాటు ఒక్కటే నిర్ణయించలేదు, ఖజానా సౌకర్యం కూడా నిర్ణయించింది.

ఇక రెండవ పుస్తకం. 1937లో మద్రాసు ప్రధానిగా రాజాజీ అధికారానికి రాగానే, ఆ అక్టోబరు 1న సేలం జిల్లాలో మద్యనిషేధం ప్రారంభించారు. మరుసటి ఏడు మన చిత్తూరు, కడప జిల్లాలకు దానిని విస్తరించారు. పోయిన ఆదాయాన్ని పూడ్చుకోవడానికి 1939లో అమ్మకపు పన్ను తెచ్చారు. యుద్ధకాలంలో నిషేధం సడలిపోయింది. 1946 తరువాత మళ్లీ మొదలై, 1948 నాటికి రాజధాని అంతటా అమలైంది. నిషేధం ఆ తర్వాత వచ్చింది, పోయింది. దాని కోసం పుట్టిన అమ్మకపు పన్ను మాత్రం పోలేదు. సారా ఆదాయం తిరిగివచ్చిన తరువాత ప్రభుత్వానికి రెండు చేతులా ఆదాయమే. ఈ సంగతి చరిత్ర పాఠాలలో ఎందుకో అంతగా కనబడదు.

1950లో అమలులోకి వచ్చిన రాజ్యాంగం 47వ అధికరణంలో మత్తుపానీయాల నిషేధానికి రాజ్యం పాటుపడాలని చెప్పింది. అదే అధికరణంలో ప్రజల పౌష్టికాహారం, జీవనప్రమాణం, ప్రజారోగ్యం పెంపొందించడం రాజ్యం ప్రాథమిక ధర్మమని కూడా ఉంది. మనం రెండవ భాగాన్ని మరచి మొదటి భాగం మీదనే కొట్లాడుకున్నాం.

ఆ కొట్లాటలో ఏకంగా ఒక ప్రభుత్వమే కూలింది. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం ఏర్పడినప్పుడు మద్రాసు నిషేధచట్టం వారసత్వంగా వచ్చింది. దాని అమలు తీరును పరిశీలించిన రామమూర్తి సంఘం, నిషేధాన్ని ఎత్తివేయమని సూచించింది. చట్టం వల్ల ఎక్కువగా నలిగినవారు గీతకార్మికులు. కులవృత్తి నేరమైంది, బతుకుదెరువు కేసైంది. ఈ వివాదంలో 1954 నవంబరులో ప్రకాశం పంతులుగారి మంత్రివర్గం శాసనసభలో ఒక్క ఓటు తేడాతో ఓడిపోయింది. దేశంలో మద్యం కారణంగా ప్రభుత్వం పడిపోవడం ఎంత పెద్ద సంగతి! అయితే ఆ వాదంలో ఆదాయం ఉంది, నీతి ఉంది, గీతకార్మికుల బతుకు ఉంది. తాగుడు మానలేక కొట్టుమిట్టాడే మనిషికి వైద్యం అన్న మాట మాత్రం ఎక్కడా ముందుకు రాలేదు. 1968 నాటి ఎక్సైజు చట్టంతో, ఆ దశాబ్దం చివరికి ఆంధ్రప్రాంతంలో నిషేధం కథ ముగిసింది. మళ్లీ కౌటిల్యుడే గెలిచాడు.

ఆ గెలుపుకు పరాకాష్ఠ 1980లలో వచ్చిన 'వారుణి వాహిని'. ప్రభుత్వమే సారాను ప్యాకెట్లలో నింపి ఊరూరికీ చేర్చే పథకమది. పేరు పెట్టినవారు సంస్కృతం తెలిసినవారే అయివుండాలి. వారుణి అంటే మద్యం, వాహిని అంటే నది. తాగునీరు పారని పల్లెలకు సైతం ఈ నది పారింది.

ఆ నదికి అడ్డుకట్ట వేసినవారు శాసనసభ్యులు కారు. అప్పుడు నేను నెల్లూరు జిల్లాలోనే ఉన్నత పాఠశాలలో తెలుగు పండితుడిగా ఉన్నాను. సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం జోరుగా సాగుతున్న రోజులవి. సాయంత్రాలు వీధిదీపాల కింద కూలినాలి చేసుకొనే స్త్రీలు పలకలు పట్టుకొని కూర్చొనేవారు. పాఠం చెప్పే కార్యకర్తలకు నాబోటివాళ్లం అక్షరాల క్రమం గురించి సలహాలు చెప్పేవాళ్లం. వారి వాచకంలో 'సీతమ్మ కథ' అని ఒక పాఠం ఉండేది. సారా వల్ల నాశనమైన ఊరిలో ఆడవాళ్లు ఏకమై దుకాణం మూయించిన కథ అది. తెలుగు బోధించేవాడిగా నేను గమనించిన చిన్న విశేషం ఒకటి చెబుతాను. 'సారా' అన్నది రెండక్షరాల మాట. రెండూ దీర్ఘాలే, ఒత్తు లేదు, సంయుక్తం లేదు. గుణింతంలో రెండో అక్షరం వచ్చిన మనిషి ఎవరైనా చదివేయగలరు. సొంతపేరు రాయడానికి నెల పట్టినవారు ఈ మాటను మొదటి వారంలోనే చదివేవారు. ఒకావిడ వేలితో ఆ రెండక్షరాలూ తడిమి, "ఇంత చిన్న మాటా అయ్యవారూ, మా ఇల్లు మింగింది!" అన్నది. నాకు వెంటనే బదులు తోచలేదు.

1992లో కలిగిరి మండలం దూబగుంటలో స్త్రీలు సారాకు అడ్డం తిరిగారు. వర్ధినేని రోశమ్మ పేరు అప్పుడే రాష్ట్రమంతా తెలిసింది. సారా బండ్లను ఊరి పొలిమేరలోనే తిప్పి పంపారు. నెల్లూరులో సారా వేలంపాటలు పదేపదే వాయిదా పడ్డాయి. 'పాట' అంటే గేయమనే పిల్లలకు చెప్పేవాణ్ణి, వేలంలో పాడేది కూడా పాటే అని ఆ ఏడు మా జిల్లా స్త్రీలు నాకు గుర్తుచేశారు. ఆ పాటను వారు గొంతులోనే ఆపేశారు. 1993 అక్టోబరు 1 నుండి రాష్ట్రమంతటా సారా నిషిద్ధమైంది. 1994 డిసెంబరులో ముఖ్యమంత్రిగా ప్రమాణస్వీకారం చేసిన వేదిక మీదనే ఎన్.టి. రామారావుగారు సంపూర్ణ మద్యనిషేధానికి సంతకం చేశారు. 1995 జనవరి 16 నుండి అది అమలులోకి వచ్చింది. వారుణి వాహిని ఆయన హయాములోదే, నిషేధమూ ఆయన హయాములోదే. చరిత్రకు ఇటువంటి చమత్కారాలు ఇష్టం. 1997లో ఆదాయం కారణంగా నిషేధం సడలింది. సారాపై నిషేధం మాత్రం నిలిచింది.

ఇంతవరకు చాలామందికి తెలిసిన కథే. తెలియనిది, లేదా మనం పట్టించుకోనిది, ఆ తరువాతి భాగం. 1995లో దుకాణాలు మూసినరోజున, ఇరవై ఏళ్లుగా రోజూ తాగుతున్న మనిషి మరునాడు ఏమవుతాడు అన్న ప్రశ్నను ఏ ప్రభుత్వ ఉత్తర్వు పట్టించుకుంది? పల్లె ఆసుపత్రిలో అతడి కోసం ఒక మంచం వేశారా? స్త్రీలు అడిగినది దుకాణం మూయమని. వారు అడగవలసినదే అడిగారు. మిగిలినది ఆలోచించవలసినవారు పాలకులు.

ఇక్కడ కాస్త వైద్యం చెప్పుకోవాలి. నేను వైద్యుణ్ణి కాను. వైద్యశాస్త్రంలో నిర్ధారితమైన విషయాలనే చెబుతున్నాను. రోజూ అతిగా తాగేవాని మెదడు, మద్యం కలిగించే మందకొడితనానికి అలవాటుపడి, దానికి ఎదురీదుతూ ఉంటుంది. మద్యం హఠాత్తుగా ఆగితే ఎదురీదే బలం మాత్రమే మిగులుతుంది. మొదటి రోజే చేతులు వణకడం, చెమటలు, నిద్రలేమి మొదలవుతాయి. రెండు రోజులలోపు మూర్ఛలు రావచ్చు. రెండు నుండి నాలుగు రోజుల మధ్య కొందరికి మతిభ్రమణం, లేనివి కనబడడం, జ్వరం వస్తాయి. వైద్యం అందకపోతే ఇది ప్రాణం తీస్తుంది. కనుక దీర్ఘకాలంగా అతిగా తాగుతున్నవాణ్ణి గదిలో పెట్టి తాళం వేసి, "మానితే మానతాడు" అనడం ప్రమాదకరం. వైద్యుని పర్యవేక్షణలో తగిన మందులతో మాన్పించాలి. అటువంటి రోగులలో బి1 విటమిను లోపం సాధారణం. దాన్ని సరిదిద్దకపోతే జ్ఞాపకశక్తి శాశ్వతంగా దెబ్బతినవచ్చు.

ఇది లోపలి అపాయం. తాగుతున్నంత కాలం జరిగేది వేరు. కాలేయంలో కొవ్వు పేరుకోవడంతో మొదలై, వాపు, చివరకు గట్టిపడి పనిచేయకపోవడం దాకా పోతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధన సంస్థ 1988లోనే మద్యాన్ని నిర్ధారిత క్యాన్సరు కారకాల జాబితాలో చేర్చింది. నోరు, గొంతు, అన్నవాహిక, కాలేయం, పెద్దపేగు, స్త్రీలలో రొమ్ము క్యాన్సర్లకు మద్యం కారణం కాగలదు. 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మరొక మాట స్పష్టం చేసింది. ఆరోగ్యానికి హాని లేని పరిమాణమంటూ మద్యంలో లేదు. "మితంగా తాగితే గుండెకు మంచిది" అని వాదించే మిత్రులు ఈ మాటను గమనించగలరు.

కల్తీ మరొక ఘోరం. మిథనాలు కలిసిన మద్యం ఒంట్లో ఫార్మిక్ ఆమ్లంగా మారి, మొదట కంటి నరాన్ని దెబ్బతీస్తుంది. ఆల్కహాలు అన్న మాట అరబ్బీలో కాటుకను తెలిపే 'కుహ్ల్' నుండి పుట్టింది. కంటికి అందమిచ్చే కాటుక పేరుతో పుట్టిన పదార్థం, కల్తీ అయితే కన్నునే పోగొడుతున్నది. తెలంగాణలో కల్లులో క్లోరల్ హైడ్రేటు, డయాజిపాం, ఆల్ప్రజోలాం వంటి మత్తుమందులు కలపడం ఎన్నో ఏళ్లుగా తెలిసినదే. 2015లో కల్తీని అరికట్టినప్పుడు, అలవాటుపడిన వందలాది కూలీలు పిచ్చివారివలె ప్రవర్తిస్తూ ఆసుపత్రుల పాలయ్యారు. 2020 మార్చి లాక్‌డౌనులో హైదరాబాదు ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకు మద్యం దొరకక విలవిలలాడేవారు వరుస కట్టారు. అదే ఏడు జూలై చివరిలో ప్రకాశం జిల్లా కురిచేడులో శానిటైజరు తాగి పదిమందికి పైగా చనిపోయారు. 2025 జూలైలో హైదరాబాదు కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీకల్లు పలువురిని బలిగొన్నది. దుకాణం తెరచి ఉన్నప్పుడూ చావు, మూసినప్పుడూ చావు. రెంటికీ మధ్య ఉండవలసిన వైద్యశాల మాత్రం అందుబాటులో లేదు.

అఖిల భారత వైద్యశాస్త్ర సంస్థ 2019లో ప్రకటించిన జాతీయ సర్వేలో కొన్ని అంకెలున్నాయి. దేశంలో మద్యం తాగేవారు సుమారు 16 కోట్లు. అందులో దాదాపు 5.7 కోట్లమందికి ఆ అలవాటు వల్ల సహాయం అవసరమైన స్థితి. పురుషులలో తాగేవారు నూటికి 27 మంది, స్త్రీలలో నూటికి ఇద్దరు కూడా లేరు. అన్నిటికంటె నన్ను కలవరపెట్టిన అంకె వేరు. మద్యానికి బానిసలైన ప్రతి 38 మందిలో ఒక్కరికి మాత్రమే ఏదో ఒక చికిత్స అందింది. తక్కిన 37 మందికి మన సమాజం ఇచ్చినది ఏమిటి? దూషణ, దుకాణం.

దుకాణం విషయంలో లోటు లేదు. 2019లో ఆంధ్రప్రదేశ్‌లో దుకాణాలను ప్రభుత్వమే నడపడం మొదలుపెట్టింది. 2024 అక్టోబరులో మళ్లీ ప్రైవేటువారికి లాటరీ తీసి ఇచ్చారు. 3,396 దుకాణాలకు దాదాపు 90 వేల దరఖాస్తులు వచ్చాయి. దరఖాస్తుకు తిరిగి ఇవ్వని రుసుము 2 లక్షల రూపాయలు. అంటే ఒక్క సీసా అమ్మకముందే సుమారు 1,800 కోట్లు. వేలంపాట పోయి లాటరీ వచ్చింది. కౌటిల్యుని సురాధ్యక్షుడు చూస్తే అసూయపడతాడు. ఆ రుసుము సొమ్ములో పదోవంతు వెచ్చించినా ప్రతి మండల ఆసుపత్రిలో వ్యసన చికిత్సకు ఒక గది, శిక్షణ పొందిన ఒక వైద్యుడు ఎందుకు ఉండకూడదు? ఈ ప్రశ్న నిషేధం కోరేవారూ అడగవచ్చు, వద్దనేవారూ అడగవచ్చు.

మన పల్లెల్లో తాగుబోతును "వాడికి సిగ్గు లేదు" అంటారు. మధుమేహం ఉన్నవానికి సిగ్గు లేదని ఎవరూ అనరు. చరకుడు తాగుబోతుకు చికిత్స రాశాడు, సిగ్గు గురించి రాయలేదు. దీనర్థం తాగి భార్యను కొట్టినవానిని క్షమించమని కాదు. కొట్టడం నేరం, దానికి శిక్ష ఉంది, ఉండాలి. కాని శిక్షతో చేయి ఆగుతుందేమో గాని వణుకు ఆగదు. వణుకుకు వైద్యం కావాలి. నేరాన్ని న్యాయస్థానానికి, రోగాన్ని ఆసుపత్రికి విడదీసి పంపడం నాగరిక సమాజం చేయవలసిన పని.

మిత్రులలో ఎవరి ఇంటిలోనైనా, ఇరుగుపొరుగులోనైనా ఇటువంటి బాధ ఉంటే, మత్తు వ్యసనాల జాతీయ సహాయ కేంద్రానికి 14446కు, మానసిక ఆరోగ్య సలహాకు టెలీ-మానస్ 14416కు ఉచితంగా ఫోను చేయవచ్చును. ఈ రెండు అంకెలూ గోడమీద రాసిపెట్టుకోదగినవి. మీ జిల్లాలో ప్రభుత్వ వ్యసన విముక్తి కేంద్రం ఎక్కడ ఉన్నదో, ఎలా నడుస్తున్నదో తెలిసినవారు వ్యాఖ్యలలో తెలియజేస్తే నలుగురికీ ఉపకారం.

రోశమ్మ 2016లో కన్నుమూశారు. ఆమె తరం దుకాణానికి తాళం వేయించగలిగింది. ఆసుపత్రి తలుపు తెరిపించడం తరువాతి తరం పని. అది జరిగిననాడు 'మందు' అన్న మాటకు ఏకవచనంలో కూడా పాత అర్థం తిరిగివస్తుందని ఈ తెలుగు పండితుని ఆశ.